చేదో అంటే నరకడం

లాటిన్‌లో చేదో అని ఒక క్రియ ఉంది. నరుకుతాను, కొడతాను, చంపుతాను: మూడింటికీ అదే మాట. ఖమ్మంలో, ఫాదర్లు కావాలనుకునే పిల్లలుండే హాస్టల్లో నేర్చుకున్నాను. చేదో, చేదిస్, చేదిత్. నరుకుతాను, నరుకుతావు, నరుకుతాడు. పాఠం చెప్పే ముసలి ఫాదర్ ఒక్కో రూపానికీ బల్ల మీద బెత్తంతో ఒక దెబ్బ వేసేవారు. తప్పు చదివితే ఆ దెబ్బ మా వేళ్ల మీద పడేది.

మన ఛేదించడమూ ఇదీ ఒకటేనా అని ఒకసారి అడిగాను.

"వినడానికి ఒకటే, మూలం వేరు. మీ ఛేదనానికి లాటిన్‌లో చుట్టం షిందో. అంటే చీల్చడం" అన్నారు. ఆత్మహత్యనూ మనిషిని చంపడాన్నీ చెప్పే ఇంగ్లీషు మాటల చివరి 'సైడ్' చేదో నుంచే వచ్చిందట. కత్తెరకున్న ఇంగ్లీషు పేరూ దాని సంతానమేనట.

నాకు ఎక్కువ దెబ్బలు పడింది భూతకాలం దగ్గర. చెచీది అంటే నరికాను. అందులో దీర్ఘం పోతే చెచిది, పడ్డాను. అది కాదో అనే వేరే క్రియ. ఆ దీర్ఘం మింగినందుకు వేళ్లు వాచి, రెండు రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాను.

ఆ ఎండాకాలం సెలవులకు బూర్గంపాడు దగ్గర మా ఊరికి వెళ్లాను. జామాయిల్ చెట్లు కొట్టే రోజులు. గట్టు మీది వరస ఎవరిదని నాయనకూ చిన్నాయనకూ పొద్దుటి నుంచి మాటా మాటా పెరుగుతోంది.

"ఆ వరస నాది అన్నా. గొడ్డలి పెట్టకు."

"నీదని ఎవడు చెప్పిండురా?"

చిన్నాయన వెళ్లి చెట్టును పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. నాయన గొడ్డలి ఎత్తాడు. బెదిరిస్తున్నాడనుకున్నాను. వేశాడు. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. నెత్తురు నా చొక్కా మీదికి చిమ్మింది. నాయన మళ్లీ ఎత్తాడు. నేను వెనక నుంచి నడుం పట్టి కింద పడేశాను. ఆయన మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. ఊడిన పన్ను ఉమ్మేసి, గొడ్డలి లాక్కుని దూరంగా విసిరాను. అప్పటికి గాని నాయన తమ్ముడి చెయ్యి చూడలేదు. చూసి, తన తలగుడ్డ విప్పి కట్టాడు.

ట్రాక్టర్ మీద బ్రిడ్జి దాటి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం.

"గొడ్డలి మీద పడ్డ సార్" అన్నాడు చిన్నాయన డాక్టరుతో.

రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్ నా చొక్కా చూశాడు. "నువ్వు చూసినవా? పడ్డడా?"

నాయన గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"పడలే. మా నాయన నరికిండు" అన్నాను.

చిన్నాయన మంచం మీద నుంచి లేచి, బాగున్న చేత్తో నా చెంప పగలగొట్టాడు. "అన్నదమ్ముల నడుమ నువ్వెవడివిరా?"

కానిస్టేబుల్ దెబ్బ తిన్నవాడి మాటే రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక నాయన బెల్టు తీశాడు. వీపు చిట్లేదాకా కొట్టాడు. కొడుతూనే ఏడ్చాడు. నేను మాత్రం ఏడవలేదు. తెల్లవారేసరికి అమ్మ నా బ్యాగు సర్ది గడపలో పెట్టింది. "జల్దీ పో బిడ్డా. మీ నాయన లేవకముందే పో."

నేను ఫాదర్‌ని కాలేదు. వేంసూరులో తెలుగు పాఠాలు చెబుతున్నాను. బెత్తం ముట్టను. చిన్నాయన కుడి చేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవట. మొన్న ఆయన కూతురి పెళ్లికి నాకు పిలుపు రాలేదు. నాయన మూడు రోజుల ముందే వెళ్లి పందిరి వేయించాడని, తమ్ముడి పక్కనే కూర్చుని భోంచేశాడని అమ్మ ఫోన్లో చెప్పింది.

"నా గురించి ఏమన్నా అడిగిండ్రా?" అన్నాను.

"లేదు" అంది అమ్మ.