మలుపు దగ్గర గంట

మా బాబాయికి ఎదుట ఎవరూ లేనప్పుడే గంట కొట్టే అలవాటు ఉంది. కొట్టి ఊరుకోడు, జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడతాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. జేబులో ఎప్పుడూ ఒక సైకిలు గంట. ఖాళీ మెట్లు ఎక్కబోతూ కొడతాడు. చీకటి సామాన్ల గదిలోకి తొంగిచూసి కొడతాడు. వంటింటి గుమ్మంలో కొట్టినప్పుడల్లా మా పిన్ని గరిటెతో సహా బయటికి వచ్చేది.

"ఇది వంటిల్లా, కొండ మలుపా?"

"అలవాటు తప్పకూడదే."

"ఖాళీ గదుల్లో గంట కొడితే పలికేదెవరో తెలుసా? ఏదో ఒక రోజు పలికిందంటే నేను మా పుట్టింట్లో ఉంటాను."

ఊరి వెనక కొండ మీదికి అందరూ నడిచే అడవి బాట ఉంది. బాబాయి కొండలెక్కే ఎలక్ట్రిక్ సైకిలు కొన్నాడు. మోటారు బండ్లకు ప్రవేశం లేదని బాట మొదట్లోనే బోర్డు. దాంతో అటవీ ఆఫీసు గడప అరిగేలా తిరగసాగాడు.

"మోటారు బండి కాదు మేడమ్. తొక్కితేనే కదులుతుంది. మోటారు కాస్త చెయ్యి సాయం చేస్తుంది, అంతే."

"ఇలాంటి బండ్లు చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వచ్చేస్తాయండీ. అసలే అక్కడ మంచు. నడిచేవాళ్ళు హడలిపోతారు," అంది అధికారిణి.

"అందుకేగా గంట."

"అయినా కొండెక్కడానికి మీకు మోటారు సాయమెందుకు?"

"మోకాళ్ళ నొప్పులు మేడమ్," అన్నాడు దీనంగా.

అనుమతి వచ్చేదాకా బాబాయి చట్టం మీరలేదు. బ్యాటరీ ఊడదీసి నా వీపుకు కట్టేవాడు. "అది నీ దగ్గరున్నంతసేపు ఇది ఉట్టి సైకిలే," అనేవాడు. ఆ బరువైన బండిని మోకాళ్ళ నొప్పులవాడు ఆయాసం లేకుండా తోసుకుపోయేవాడు. ఏ నొప్పీ లేని నేను వెనకాల దేకేవాణ్ణి.

మొదటిసారి వెళ్ళిన పొద్దున మంచు దట్టంగా ఉంది. చెట్లు దగ్గరికి వస్తే కనిపించి, దాటగానే మాయమవుతున్నాయి. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. మలుపు దగ్గర బాబాయి గంట కొట్టి ఆగాడు.

కాసేపటికి మంచులోంచి, సన్నగా, మరో గంట మోగింది.

"ఎవరు బాబాయ్?"

"దారి అడిగాం, ఇచ్చారు. పద."

మలుపు తిరిగితే ఎవరూ లేరు. తడిమట్టి మీద అడుగుజాడ కూడా లేదు. తర్వాతి మలుపులోనూ అంతే. ఈసారి ఆ మోత అసలు దారే లేని లోయ వైపు నుంచి వచ్చింది. వీపున బ్యాటరీ చల్లగా తగిలితే ఎవరో చెయ్యి వేశారనుకుని కెవ్వుమన్నాను. బాబాయి మాత్రం ఎంత అడిగినా నవ్వి ఊరుకున్నాడు.

చివరికి అధికారిణి తనే వచ్చింది. "ఇవాళ చూసి తేల్చేస్తాను. కాదంటే మళ్ళీ రాకూడదు," అంది. మూడో మలుపులో బాబాయి గంట కొట్టాడు. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. మంచు కదల్లేదు, ఏమీ పలకలేదు.

బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. సైకిలు పడేసి లోయలోకి లేడిలా దూకాడు. మేమూ పడుతూ లేస్తూ వెంటపడ్డాం.

కింద ఒక ఇంటి పెరడు. కుర్చీలో మెడదాకా దుప్పటితో, కళ్ళు మూసుకుని ఒక ముసలాయన. ఒళ్ళో సైకిలు గంట. బాబాయి ఆయన భుజం తట్టాడు.

ఆయన కళ్ళు తెరిచాడు. "కునుకు పట్టిందిరా. ఏ మలుపు దాకా వచ్చావు?"

బాబాయి పాత నేస్తం, ఆ బాట తవ్వించిన మేస్త్రి ఆయనే. గుండె ఆపరేషన్ తర్వాత డాక్టరు కొండ ఎక్కొద్దన్నాడు, మెల్లగా సైకిలు తొక్కడానికి మాత్రం ఒప్పుకున్నాడు. బాబాయి ఆ బండి కొన్నది ఆయన కోసమే. అప్పటినుంచి మేస్త్రి తన కుర్చీలోంచి కదలకుండానే, బాబాయి గంటకు జవాబు కొడుతూ, ఆయనతో పాటు కొండ ఎక్కుతున్నాడు.

"మోకాళ్ళన్నారే?" అంది అధికారిణి.

"ఆపరేషన్ సంగతి చెప్పి అడిగితే జాలి పడతారు మేడమ్. జాలితో వచ్చిన అనుమతైతే ఈయన బండెక్కడు."

అనుమతి వచ్చింది. ఎవరైనా సరే, ప్రతి మలుపులో గంట కొట్టి ఆగాలని షరతు. మా బాబాయి పిచ్చి అలా రూలైపోయింది.

నా వీపు మీంచి బ్యాటరీ దిగి బండెక్కింది. మేస్త్రి తొక్కుతుంటే పక్కన మేమిద్దరం నడిచాం. మూడో మలుపులో ఆయనే గంట కొట్టి ఆగాడు.

"పలికేది మీరే కదా, ఇంకెవరు పలుకుతారు?" అన్నాను.

లోయలోంచి గంట మోగింది.

"ఇంట్లో ఎవరూ లేరురా," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. గంట పలికినందుకు ఆయన భయపడటం అదే మొదటిసారి చూశాను.

ముగ్గురం గప్‌చుప్‌గా దిగివచ్చాం. పెరట్లో, ఆ కుర్చీలో, ఆ దుప్పటి కప్పుకుని మా పిన్ని.

"ఎవరూ పలక్కపోతే ముగ్గురూ అక్కడే నిలబడిపోతారుగా," అని, మేస్త్రి కుర్చీలో వదిలి వెళ్ళిన గంట ఇంకోసారి కొట్టింది.