నేల కింది చప్పుడు

హుసేనమ్మ పని ఉన్నా లేకున్నా ఒకచోట కూర్చునే మనిషి కాదు. దేవనకొండ దగ్గరి పల్లెలో పత్తి చేలకు కూలికి పోయే ఆడవాళ్లలో సాలు చివరికి ముందు చేరేది ఆమే. ఆ ఏడాది వానలు విడవకుండా కురిశాక ఆమె తిరుగుడుకు భయం తోడైంది. నేల లోపల గుడగుడమని చప్పుళ్లు మొదలయ్యాయి. గిన్నెలు గలగలలాడాయి. మట్టి మిద్దె గోడకు సన్నని చీలిక వచ్చింది. ఆ రోజే ఆమె మంచం, పొయ్యి వాకిట్లోకి మార్చేసింది. భర్త ఈరప్ప మాత్రం లోపలే పడుకున్నాడు. నేలతల్లికి నీళ్లు ఎక్కువై తేన్పులు వస్తున్నాయని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వలేదు. చీలిక పెరిగిందేమోనని వేలు పెట్టి చూసేది, పక్కిళ్ల గోడలూ చూసి వచ్చేది, మళ్లీ పోయేది.

ఒకరోజు రాజశ్రీ అనే భూగర్భ శాస్త్రవేత్త జీపులో వచ్చింది. ఆదోని పిల్లే. హుసేనమ్మ వాకిట్లో గుంత తీయించి నేల అదురును గీతలుగా రాసే యంత్రం ఒకటి పాతింది. అలాంటివే ఆస్పరి వైపు ఒకటి, గూడూరు వైపు ఒకటి పెట్టారట. మూడింటి గడియారాలూ ఒకే టైముకు నడుస్తాయి. నేల అదిరితే ఆ అదురు దగ్గరి యంత్రానికి ముందు, దూరపు దానికి ఆలస్యంగా చేరుతుందని, ఆ తేడాను బట్టి అది పుట్టిన చోటును మ్యాపు మీద పట్టుకోవచ్చని చెప్పింది. పైన నల్లమట్టి, దాని కింద గులకరాళ్లు కలిసిన మొరుసు, ఆ కింద గట్టి రాయి. రాతి పగుళ్లలోకి వాననీళ్లు దిగి, రాయి సర్దుకుంటోంది కావచ్చంది.

“ఎప్పుడు నిలుస్తాది పాపా?”

“తెలీదక్కా. తెలిసినట్టు చెప్పలేను.”

ఆ జవాబుతో హుసేనమ్మకు కాలు బొత్తిగా నిలవలేదు.

మళ్లీ వచ్చినప్పుడు రాజశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి, దగ్గర దగ్గరగా లేచిన గీతలు చూపించింది.

“ఇవి భూమివి కాదక్కా. నీ నడక.”

హుసేనమ్మ సిగ్గుపడింది. తన అడుగులు నేలకు అంతగా వినిపిస్తాయని ఎన్నడూ అనుకోలేదు. యంత్రాన్ని వేరేచోటికి మారుస్తానంటే ఒప్పుకోలేదు, తానే కూర్చుంటానంది. కూర్చోవడం పత్తి తీయడం కన్నా కష్టమైంది. చేతులు నలుపుకుంటూ, లేవబోయి మళ్లీ కూర్చునేది. నీళ్లు కూడా ఈరప్పే తెచ్చిపెట్టాడు.

ఒక మధ్యాహ్నం ఆమె అలా కూర్చుని ఉండగానే చప్పుడు వచ్చింది. కింద నుంచి బరువు బండి పోయినట్టు నేల వణికింది. ఊరంతా వీధిలోకి పరుగెత్తింది. హుసేనమ్మ రెండు అరచేతులూ నేలకు ఆనించి, కళ్లు మూసుకుని, కదలకుండా ఉంది. గుండె మాత్రం ఆమె మాట వినలేదు.

ఆ అదురు మూడు యంత్రాల్లోనూ తేటగా పడింది. అది పుట్టింది ఊరికి తూర్పున ఉన్న తిప్ప కిందని రాజశ్రీ ఫోన్ చేసి చెప్పింది. చిన్నదేనని, అయినా గోడ బాగు చేయించుకోమని అంది.

మరునాడు హుసేనమ్మ కూలి మానుకుని తిప్పకు పోయింది. రాళ్లు, గడ్డి, మేస్తున్న మేకలు. ఇన్నాళ్లూ తనను తిప్పలు పెట్టిన చోటు ఇంత మామూలుగా ఉన్నందుకు ఆమెకు కోపం వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగి ఇంటికొచ్చింది.

“ఏముంది ఆడ?” అని అడిగాడు ఈరప్ప.

“ఏం లేదు. సూడకుంటే ఉండలేకపోతి.”

చలికాలానికి చప్పుళ్లు తగ్గాయి. రాజశ్రీ యంత్రం తీసుకుపోయింది. ఈరప్ప గోడకు మట్టి మెత్తాడు, హుసేనమ్మ లోపలికి మారింది. మరుసటి వానలకు నేల ఇంకోసారి గుడగుడలాడింది. ఆమె ఉలిక్కిపడి వాకిట్లోకి వచ్చి, తూర్పు దిక్కు కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి, పెనం మీద మాడుతున్న రొట్టెను తిరగేసింది.