పెట్టె మోసిన ఎద్దు

మొన్న కోర్టు వరండాలో నా దగ్గర పని నేర్చుకుంటున్న జూనియర్ అమ్మాయి అడిగింది, "సార్, పాత మూడు వందల డెబ్బై తొమ్మిది కొత్త చట్టంల ఎంతయింది?" అని. దొంగతనం సెక్షన్ అది. చట్టాలు మారినప్పటి నుంచి మా వకీళ్లందరి పరిస్థితి ఇల్లు మారిన ముసలివాళ్ల లాగానే ఉంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక వంటింట్లో తడుముకుంటున్నాం. మూడు వందల మూడు అని చెప్పి, అనుమానం తీరక కొత్త పుస్తకం తెరిచాను. నిజానికి నేను వెతికింది నంబరు కోసం కాదు, ఎద్దు కోసం. ఉంది. పాత పుస్తకంలో ఎక్కడ ఉండేదో కొత్త దాంట్లోనూ అక్కడే ఉంది. పుస్తకం మూసేశాక ఆ పూట ఏ పనీ చేయలేకపోయాను.

ఆ ఎద్దు సంగతి చెప్పాలంటే మా మేనమామ సంగతి చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మండలాఫీసులో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, నలభై దాటాక పాలమూరులో సాయంత్రం కాలేజీలో లా చదవడం మొదలుపెట్టాను. గొర్రెలు కాసుకునే ఇంట్లో అదొక వింత. మామది మక్తల్ దగ్గర మా ఊరే. ఆయన గొర్రెల మంద ఊళ్లో ఉన్న రోజుల్లో పొద్దున్నే చల్ల తాగడానికి మా ఇంటికి వచ్చేవాడు. గొంగడి మడిచి గడప పక్కన పెట్టి, దాని మీదే కూర్చునేవాడు. కుర్చీ వేస్తే నడుము పట్టేస్తుందనేవాడు. ఆయన మీద ఎప్పుడూ ఉన్ని వాసన, తుమ్మ కాయల వాసన కలిసి వచ్చేవి. నేను పైకి చదువుతుంటే వినేవాడు. ఆస్తి మీద జరిగే నేరాల పాఠంలో దొంగతనానికి ఉదాహరణలు ఉంటాయి. ధనం పెట్టె మోసుకుంటూ ఒక ఎద్దు దారిలో ఎదురవుతుంది. పెట్టె కాజేద్దామని ఒకడు దాన్ని తన దారికి తోలుకుంటాడు. ఎద్దు కదిలిన క్షణమే దొంగతనం జరిగినట్టు. మామ చల్ల ముంత కింద పెట్టి నవ్వాడు.

"పెట్టె మోసుకుంట ఒంటిగ పోయే ఎద్దును నేను నా జల్మల చూడలే అల్లుడా. నీ బుక్కు రాసినోడు ఒక్కనాడన్న గొడ్లు కాసిండా?"

"గది ఉత్తగ సమజయ్యేటందుకు చెప్పిన మిసాలు మామా."

"మిసాలైతే మాత్రం? ఎద్దు ఎనక మనిషి ఉండడా? ఆ ఎద్దు ఇంటికి చేరిందా లేదా, గది రాసిండా?"

రాయలేదన్నాను. "మరేం చదువు అది" అని ముంత ఎత్తి తాగేశాడు. ఆ తరువాత ఎప్పుడు కనబడినా "వకీలు సాబ్, ఎద్దు ఇల్లు చేరిందా?" అనేవాడు. నలుగురిలో అంటే నాకు చిన్నతనంగా ఉండేది. ఆయనకు అది ముద్దు మాట అని ఇప్పుడు అర్థమవుతోంది.

ఎండాకాలం మా ఊరి మందలు కొత్తకోట దాటి కృష్ణ ఒడ్డు దాకా పోతాయి. దారిలో రైతులు తమ చేన్లలో మందను నిలుపుకుంటారు, ఎరువు కోసం. అలా పోయేటప్పుడు ఒక మంద జీవం ఇంకో మందలో కలవడం మామూలే. దానికి మాలో ఒక రివాజు ఉంది. కలిసిన జీవాన్ని తరమకూడదు, అమ్మకూడదు, కోయకూడదు. మంద ఊరికి చేరేదాకా మేపి, మందు పోయించి, సొంతదారుకు అప్పజెప్పాలి. ఆ మధ్యలో అది ఈనితే మొదటి పిల్ల మేపినవాడిది. ఇది ఎక్కడా రాసి లేదు. నా చిన్నప్పుడు మా బాపు మందలోనూ అలా ఒక గొర్రె కలిసింది. దాని పిల్లను అమ్మే నాకు మొదటి చెప్పుల జత కొన్నాడు. కాబట్టి ఆ రివాజు నాకు తెలియదని నేను ఎవరికీ చెప్పుకోలేను.

ఆ ఏడు మా చిన్నాయిన గొర్రె ఒకటి మామ మందలో కలిసింది. అది సర్కారు పథకంలో వచ్చిన గొర్రె, చెవికి పసుపు బిళ్ల. మామ దాన్ని మేపాడు. అది ఈనింది. పిల్ల కొంచెం ఎదిగాక సంతలో అమ్మాడు. రహస్యంగా కాదు. "గిది మా బావ తమ్ముని గొర్రె పిల్ల, రివాజు కింద నాకొచ్చింది" అని కొనేవాడికే చెప్పి అమ్మాడు. ఆ మాటే ఆ నోటా ఈ నోటా తిరిగి చిన్నాయిన చెవిలో పడింది. ఆయన మండిపడుతూ నా దగ్గరికి వచ్చాడు.

"సర్కారు గొర్రెకు రివాజేందిరా? నేను డీడీ కట్టి తెచ్చుకున్న. నువ్వు చదువుకున్నవు గదా, చెప్పు!"

అప్పుడు నేను సర్ది చెప్పి ఉండవచ్చు. ఇద్దరినీ గడప దగ్గర కూర్చోబెట్టి చల్ల పోస్తే ముగిసేది. కానీ ఆ నెలలోనే పరీక్ష. తల నిండా సెక్షన్లు. కొత్త కొడవలి చేతికొచ్చినవాడికి ఊరంతా గడ్డి లాగానే కనబడుతుంది. జీవం తప్పిపోయినా యజమాని స్వాధీనం పోదని, పిల్లను కదిలించడమే నేరమని నేనే వాదన అల్లి ఫిర్యాదు రాసిచ్చాను. మామ అప్పటికే మందతో ఊరికి చేరి, చిన్నాయిన గొర్రెను అప్పజెబుదామని విడిగా కట్టేసి ఉంచాడు. పోలీసులు కట్టేసిన గొర్రెను, కట్టిన మనిషిని కలిపి తీసుకుపోయారు.

స్టేషన్‌లో ఎస్సై నాకు కుర్చీ వేయించాడు. మా వంశంలో ఆ గదిలో కుర్చీ మీద కూర్చున్నది నేనే మొదటివాణ్ణి. మామ గోడ వారగా గొంగడి మీద కూర్చున్నాడు. భయపడలేదు. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది.

"నేను అబద్ధమాడుతలేను సార్. మా అల్లుడు వకీలు చదువుతాండు, ఆయనకంత ఎరుకే. ఆయన్నే అడుగుండ్రి."

ఎస్సై మంచివాడే. కాగితం పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ దాంట్ల గిట్లాంటి రివాజు ఉందా? ఉంటే జెప్పు, ఇద్దరికి నచ్చజెప్పి పంపిస్త."

చిన్నాయిన నన్నే చూస్తున్నాడు. మామ కూడా నన్నే చూస్తున్నాడు, కేసు గెలిచేసినట్టు చిన్నగా నవ్వుతూ. నేనన్నాను, "చట్టంల అట్లాంటిదేం లేదు సార్."

అబద్ధం కాదది. నేను ఇన్నేళ్లూ ఆ సందులోనే తలదాచుకున్నాను. ఎస్సై అడిగింది మా దాంట్లో ఉందా అని, చట్టంలో ఉందా అని కాదు. మామ నవ్వు అలాగే ఉండిపోయింది, దీపం ఆరిపోయినా వత్తి ఎర్రగా ఉన్నట్టు. నోటీసు మీద వేలిముద్ర వేసి, వేలు గొంగడికి తుడుచుకుని వెళ్లిపోయాడు.

తరువాతి వారం పరీక్షలో ప్రశ్న వచ్చింది. తనకు హక్కుందని నిజంగా నమ్మి తీసుకున్నవాడు దొంగ అవుతాడా? కాడు అని రాశాను. దురుద్దేశం లేనిదే దొంగతనం లేదని, ఆ నమ్మకం పొరపాటైనా సరేనని పేజీలు నింపాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ రోజు పాలమూరు నుంచి బస్సులో వస్తూ, రాసిన జవాబును మనసులో నెమరేసుకుంటుంటే మా మామ కళ్ల ముందుకొచ్చాడు. మక్తల్‌లో స్టేషన్ ముందే బస్సు ఆగింది. దిగి, ఎస్సైని కలవకుండానే ఇంటికి పోయాను.

కేసు సాగింది. గొర్రెను చిన్నాయినకు పూచీకత్తు మీద ఇచ్చారు. కేసు తేలేదాకా అమ్మొద్దు, కోయొద్దు. పాపం, కోర్టు కూడా మా రివాజునే చెప్పింది. మొదటి పిల్ల మాట ఒక్కటే మరిచింది. ఆ గొర్రె వయసు మీరి చచ్చిపోతే దానికీ పంచనామా రాయించవలసి వచ్చింది. మామ ప్రతి వాయిదాకూ మందను వేరేవాళ్లకు అప్పగించి వచ్చేవాడు. అంతకంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. దొంగతనం కేసున్న మందను ఏ రైతూ తన చేనులో నిలుపుకోడు. రెండు ఎండాకాలాలు ఆయన మంద రోడ్ల మీదే నిలిచింది. మూడో ఏడు మొత్తం అమ్మేసి, కొత్తకోట దగ్గర రోడ్డు పక్క ప్లాట్లకు కాపలాదారుగా చేరాడు. కేసు సంగతి తానే ముందు చెప్పి మరీ చేరాడట.

చివరికి నేనే రాజీ మాట ఎత్తాను. చిన్నాయిన ఒప్పుకున్నాడు. ఒక వాయిదా నాడు కోర్టు వరండాలో మామ పక్కన కూర్చుని అడిగాను.

"రాజీ అంటే తప్పు జేసినోడు చేసుకుంటడు అల్లుడా. నేనెందుకు జేస్త? జడ్జి సాబ్‌నే చెప్పనియ్యి."

"మామా, ఆనాడు స్టేషన్ల నేను…"

"గదెందుకియ్యాల. ఎండ ఎక్కువుంది, జర నీడకు జరుగు." ఆపై నవ్వకుండా అడిగాడు, "మీ ఎద్దు చేరిందా మరి?"

తీర్పు రాకముందే ఆయన పోయాడు. ముద్దాయి చనిపోయినందున కేసు మూసివేశాం అని ఒక్క వాక్యం రాశారు. దొంగ అనలేదు, కాదనీ అనలేదు. నేను నల్లకోటు వేసుకున్న తరువాత దాన్ని తిరగదోడే దారి ఏదైనా ఉందా అని చూశాను. పోయిన మనిషికి వాయిదా వేసే కోర్టు ఎక్కడా లేదు. మక్తల్ సంతలో ఈమధ్య కూడా ఒకాయన నన్ను ఇంకొకరికి చూపించి, "గొర్రె దొంగ మేనల్లుడు, వకీలయిండు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. మా మామ దొంగ కాదు. ఆ రివాజు ఉంది. నాకు తెలుసు. అడిగినప్పుడు నేను చెప్పలేదు. ఈ మాట ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. మంద లేదు, నిలుపుకోవడానికి ఆ చేన్లూ లేవు, అన్నీ ప్లాట్లయ్యాయి.

తెల్లదొరల నాటి నుంచి ఆ ఎద్దు పెట్టె మోస్తూ నడుస్తూనే ఉంది. కాలం దాని సెక్షన్ నంబరు మార్చింది గాని, ఇంటికి మాత్రం చేర్చలేదు.