మామిడితోటలో నేను చెప్పని మాట

నేను మింగేసిన ఒక మాట ఇన్నేళ్లయినా అరగలేదు. వయసు మీదపడ్డాక మరీ బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్బయ్యో దశకంలో తిరువూరులో టీచరుగా పనిచేసేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు సుగుణ, భర్త తాగుడు పడలేక, చంటిబిడ్డతో నా దగ్గరికి వచ్చేసింది. మా క్రైస్తవుల్లో విడాకులంటే మాటలు కాదు. సంఘం పెద్దలు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, విడిగా బతికేట్టు ఒప్పందం రాయించారు. పాప తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి మా గడప తొక్కకూడదు. క్రిస్మస్ నాడు చర్చిలో మాత్రం బిడ్డను చూసుకోవచ్చు.

పాప నా పక్కలోనే పడుకునేది. సెలవుల మధ్యాహ్నాలు నా కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయేది. ఆ చిన్న ఊపిరి మెడకు తగులుతుంటే ఇల్లంతా నీళ్లమీద తేలుతున్నట్టుండేది. పెద్దమ్మా అనడం రాక 'అమ్మా' అనేది. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దలేదు?

పాపకు మూడో ఏడు నడుస్తుండగా, ఆ ఎండాకాలం సుగుణ మెత్తబడింది.

"అక్కా, ఆయన తాగుడు మానేశాడంట. ఆ ఒప్పందం మార్పిద్దాం. ప్రతి ఆదివారం వచ్చి పిల్లని చూసుకోమను. ఈ ఆదివారం వస్తే పెద్దల ముందే తిరగరాయిద్దాం. నువ్వెళ్లి చెప్పిరావా?"

పెనుగొలను బస్సెక్కాను. మరిది అక్కడ మామిడితోట కౌలుకు తీసుకున్నాడు. పండ్ల వాసన, ఎండుగడ్డి వాసన, ఆకుల సందుల్లో కదిలే ఎండ. నడుస్తున్నది నేనేనా అనిపించింది.

నన్ను చూడగానే లేచి తలగుడ్డ తీశాడు.

"పాప బాగుందా వదినా? సుగుణ ఏమన్నా చెప్పమందా?"

అప్పుడు నాకు సుగుణ ముఖం గుర్తు రాలేదు. ఖాళీ పక్క కళ్లముందు మెదిలింది. ఆదివారాలు వస్తే మనసులు కలుస్తాయి, కలిస్తే పాపను తీసుకుని ఇద్దరూ వెళ్లిపోతారు అని నిజంగా ఆలోచించానా, లేక ఇప్పుడు కూర్చుని అల్లుకుంటున్నానా? తెలియదు. నోరు మాత్రం నాదే.

"ఒప్పందంలో ఉన్నట్టే ఉండనీ అంది. మార్చేది లేదంట."

తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత మంచి పండ్లు ఏరి నా సంచిలో పెట్టాడు.

"పాపకి పెట్టండి. నేనిచ్చానని చెప్పకపోయినా పర్లేదండి."

చెప్పలేదు. బజారులో కొన్నానన్నాను. సుగుణతో, "కబురు చెప్పాను, చూద్దాం అన్నాడు" అన్నాను.

ఆదివారం సుగుణ పాపకు కొత్త గౌను తొడిగింది. తను గంజి పెట్టిన చీర కట్టుకుంది. బస్సు హారను వినిపించినప్పుడల్లా వీధిలోకి వెళ్లి చూసొచ్చింది. పొద్దు గుంకాక గౌను విప్పి మడతపెట్టింది. ఆ తర్వాత అతని పేరెత్తలేదు. క్రిస్మస్‌కూ అతను రాలేదు. తోట వదిలేసి కొత్తగూడెం వైపు వెళ్లాడని, కొన్నేళ్లకు అక్కడే జబ్బుచేసి పోయాడని విన్నాం. సుగుణ కూడా ఇప్పుడు లేదు.

పాప పెళ్లిలో, తండ్రి నడవాల్సిన చోట, చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. నాన్నకు తనంటే ఇష్టం లేదనే పాప ఈరోజుకీ నమ్ముతోంది.

ప్రేమకొద్దీ చేశానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ప్రేమే అయితే ఆ ఆదివారం సాయంత్రమైనా నోరు విప్పేదాన్ని కాదా?

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన ముగ్గురిలో ఇద్దరు లేరు. మూడో మనిషికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. సుగుణ అతన్ని రమ్మంది. నేనే వద్దన్నాను. ఈ రెండు ముక్కలూ రాశాక, ఎన్నాళ్లకో, ఊపిరి లోపలిదాకా వెళ్లింది.