మా కంపెనీ కోలుకున్న ఏడాది

గన్నవరం విమానాశ్రయంలో, ఒక చిన్న విమాన సంస్థ కౌంటర్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మాది పామర్రు పక్క పల్లె. ఉద్యోగం వచ్చాక పటమటలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను.

నాకు పని నేర్పినావిడను అక్కా అనేదాన్ని. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చేది, ఇద్దరు పిల్లల తల్లి. వాళ్లన్నయ్యది చీరల వ్యాపారం. మనిషి కౌంటర్ దగ్గరికి రాగానే ముందు ముఖం చూడాలి, తర్వాతే టికెట్ చూడాలి అని మొదటిరోజే చెప్పింది. ఆవకాయ సీసాలు చేతి సంచిలో పెట్టుకొచ్చిన పెద్దవాళ్లను బతిమాలించుకునేది కాదు. తనే వంగి వాటిని పెద్ద పెట్టెలోకి సర్దేసేది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద బాక్సులు విప్పేవాళ్లం. నా బాక్సులో కూర ఎప్పుడూ తక్కువే. అడక్కుండానే తన కూరలో సగం నా మూతలోకి వంచేది.

అప్పట్లో మా స్టేషన్‌లో పద్నాలుగు మందిమి. తర్వాత ఈ ప్రాంతానికి గడ్డుకాలం వచ్చింది. కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, భూముల బేరాలు పడిపోయాయి. మా విమానాలు నింపిందే కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ల వెంట తిరిగే ఏజెంట్లు. వాళ్లు రావడం మానేశారు. కంపెనీ ముందు బెంగళూరు విమానం తీసేసింది, ఆ తర్వాత చెన్నైది. హైదరాబాద్‌కు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మిగిలాయి. అద్దెకు తెచ్చిన విమానాలు వెనక్కి ఇచ్చేస్తున్నారని పేపర్లో చదివి తెలుసుకున్నాం. మనుషులనూ అలాగే తగ్గించుకుంటూ వచ్చారు. చివరికి కౌంటర్‌లో అక్కా, నేనూ మిగిలాం.

ఒకరోజు అక్క పిల్లాడికి జ్వరమని సెలవు పెట్టింది. ఆ రోజే హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు.

"మీ ఇద్దరిలో ఒకరినే ఉంచగలం. పొద్దున్నే ఐదింటి డ్యూటీ రోజూ ఒక్కరే చూడాలి. ఆవిడ సెలవులు ఎక్కువ పెడతారా?"

"అప్పుడప్పుడూ పెడతారండీ. పిల్లలున్నారు కదా" అన్నాను.

"మీకలాంటి ఇబ్బంది లేదు కదా?"

"లేదండీ."

అంతకు మించి నేనేమీ అనలేదు. అడిగిందానికి జవాబు చెప్పానంతే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నాలుగో రోజున అక్కకు ఉత్తరం వచ్చింది. చదువుకుని బ్యాగులో పెట్టుకుంది. వెళ్లేటప్పుడు, "ప్రింటర్ మొరాయిస్తే గట్టిగా కొట్టకు, కాగితం తీసి మళ్లీ పెట్టు" అని మాత్రం చెప్పింది. సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. అలా నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఆ నాలుగేళ్లూ నేనొక్కదాన్నే స్టేషన్. కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాసులిచ్చి, మైకులో పిలిచి, పరుగున గేటు దగ్గరికి వెళ్లి అవే పాసులు చింపేదాన్ని. "ఇందాక అక్కడా నువ్వే, ఇక్కడా నువ్వేనా అమ్మాయ్?" అని ఒక పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వాను. పొద్దుటి విమానం వెళ్లాక సాయంత్రం దాకా నన్ను పలకరించేవాళ్లు ఉండేవాళ్లు కాదు. పక్క కౌంటర్ కంప్యూటర్ కూడా ఆన్ చేసి ఉంచేదాన్ని. అవసరం ఉండి కాదు. పక్కనొక తెర వెలుగుతుంటే కొంచెం ధైర్యంగా ఉండేది. కొన్ని రోజులు గదికి వెళ్లి తలుపు తీశాక, పొద్దుట్నుంచీ మైకులో తప్ప నోరు విప్పలేదని గుర్తొచ్చేది.

కంపెనీ మెల్లగా నిలదొక్కుకుంది. నష్టం తెచ్చే రూట్లు వదిలేసింది, చిన్న విమానాలే ఉంచుకుంది, కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లు దొరికారు. ఇక్కడా ఆగిన పనులు మళ్లీ మొదలయ్యాయి. సీట్లు నిండసాగాయి. పోయినేడాది ఒక మధ్యాహ్నం, లాభాల్లోకి వచ్చామంటూ ప్రతి స్టేషన్‌కూ కేక్ పంపించారు. అందరూ ఒకేసారి కోయాలి, వీడియోలో కనపడాలి అన్నారు. తెర మీద మిగతా స్టేషన్ల గళ్లలో పదిమందీ ఇరవైమందీ చప్పట్లు కొడుతున్నారు. నా గడిలో నేనూ, ఒక కిలో కేకూ. "విజయవాడ, మీవాళ్లను కూడా పిలవండి" అన్నారెవరో. నేనొక్కదాన్నేనండీ అని చెప్పేలోపు వేరే స్టేషన్ వైపు వెళ్లిపోయారు. ఒక ముక్క తిని, మిగతాది సెక్యూరిటీ వాళ్లకిచ్చాను.

మర్నాడు మేనేజర్ ఫోన్ చేసి, చెన్నై విమానం మళ్లీ వేస్తున్నాం, పాతవాళ్లెవరైనా వస్తారేమో అడగండి అన్నాడు. ఫోన్‌లో అడగడానికి ముఖం చెల్లలేదు. ఆదివారం బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్లాను.

అక్క వాళ్లన్నయ్య దుకాణంలో చీరలు మడతపెడుతోంది. నన్ను చూసి చేతిలో చీర పూర్తిగా మడిచాకే లేచింది.

"చిక్కిపోయావే. కూర్చో, టీ తెప్పిస్తాను."

ఉద్యోగం సంగతి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ నా చేతి మీదే నడుస్తోంది. ఇప్పుడెందుకు లేమ్మా."

వెళ్లిపోదామనుకున్నాను. లేచి, మళ్లీ కూర్చున్నాను. "అక్కా, ఆ రోజు మేనేజర్ ఫోన్ చేసినప్పుడు, మీరు సెలవులు పెడతారని నేనే చెప్పాను."

"తెలుసు. ఆయనే చెప్పాడు నాకు."

"అప్పుడేనా?"

"అప్పుడే. నువ్వు అబద్ధం చెప్పలేదుగా. నేను సెలవులు పెట్టేదాన్నే." టీ గ్లాసు నా వైపు జరిపింది. "నువ్వు ఫోన్ చేస్తావనుకున్నాను. ఆ మొదటి నెలంతా, స్నానానికెళ్లినా ఫోన్ తలుపు దగ్గర పెట్టుకున్నాను. నాకు కష్టమనిపించింది అదొక్కటే."

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు, ఓదార్చనూ లేదు. ఎవరో చీరలు చూపించమంటూ వస్తే లేచి వెళ్లింది. వాళ్ల ముఖం చూసి నవ్వి, తర్వాతే ఏం కావాలని అడిగింది. బేరం తేలేలా లేదు. కాసేపు చూసి, వెళ్లొస్తానక్కా అన్నాను. ఇంకో చీర విప్పి చూపిస్తూనే తలూపింది.

ఇప్పుడు మా స్టేషన్‌లో ఆరుగురం. కొత్తగా వచ్చిన ఐదుగురూ చిన్నవాళ్లు, పనిమంతులు, నన్ను మేడమ్ అంటారు. మధ్యాహ్నం బల్ల చుట్టూ చేరి ఒకరి బాక్సులోది ఒకరు లాక్కుంటూ గలగలా మాట్లాడుకుంటారు. నేను లోపలికి అడుగుపెడితే ఆ మాటలు ఆగిపోతాయి. ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇస్తారు.

"మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అని కౌంటర్ దగ్గరికి వచ్చేస్తాను.