ఇసుక కింద బొగ్గులు

నిప్పుల మీద ఇసుక కప్పితే అవి ఆరవు. ఇంత చిన్న విషయాన్ని కాగితం మీద పెట్టాల్సి వస్తున్నందుకే నాకు ఒళ్లు మండుతోంది. రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మమ్మ కుంపట్లో నిప్పుల మీద బూడిద కప్పేది. ఆర్పడానికి కాదు, తెల్లారి పాలు కాచడానికి నిప్పు మిగలాలని. అది చూస్తూ పెరిగినదాన్ని, డిగ్రీ చదివినదాన్ని. అయినా ఆ సాయంత్రం నోరు మూసుకుని కూర్చున్నాను.

అప్పుడు మేం గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నవంబరు సెలవులకు సూర్ అనే ఊరికి వెళ్లే దారిలో, సముద్రం ఒడ్డున ఒక రాత్రి గుడారం వేసుకుందామన్నారు మావారు. పాపకు నాలుగేళ్లు. తేళ్లుంటాయేమో, అల పైకొస్తుందేమో అని వారం రోజులు నాకు నిద్ర లేదు. "నువ్వు అనుకున్నవన్నీ జరిగుంటే ఈపాటికి మనం ఏడుసార్లు పోయుండాలి" అని ఆయన నవ్వారు. నా భయాల్లో బొగ్గులు మాత్రం లేవు.

మేం గుడారం వేశాక పెద్ద వ్యాన్ ఒకటి వచ్చింది. లోపలే మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉండే రకం. అందులో ఉన్నది తెల్లజుట్టు విదేశీ దంపతులు. ఆవిడ వ్యాన్ దూరంగా ఆపించి, నడిచి వచ్చి, రాత్రికి అక్కడ ఉంటే మాకేమైనా ఇబ్బందా అని అడిగింది. ఆవిడ వెళ్లగానే మావారు, "మనకి వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ కూడా ఇంత మర్యాదగా మాట్లాడడు. ఈ ఒడ్డుకి మనమే కఫీల్ అనుకుందేమో!" అన్నారు. నేనూ నవ్వాను. వాళ్లు వ్యాన్‌ని మా పక్కకి తెచ్చి ఆపుకున్నారు.

చికెన్ కాల్చుకుని తిన్నాం. మిగిలిన బొగ్గుల్ని ఆయన గుంటలోకి తోసి, కాలితో ఇసుక లాగి కప్పేశారు. చెత్త సంచి మూతి కడుతున్న ఆ వ్యాన్ ఆవిడ అది చూసి, నీళ్లు పోయండి అంది. ఆయన సరే సరే అని తలూపారు. ఆవిడ అటు తిరగ్గానే, "తాగే నీళ్లు నిప్పులో పోయాలట! ఉన్నదే ఒక్క డబ్బా" అన్నారు. సముద్రం ముప్పై అడుగుల దూరంలో ఉంది. సముద్రం! బకెట్టు గుడారం పక్కనే ఉంది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. నా భయాల మీద ఇంకో జోకు వినే ఓపిక లేక మింగేశాను.

తెల్లారాక పాప గవ్వలు ఏరుకోవడానికి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. గుంట ఉన్నట్టే తెలియదు, పైన ఇసుక అంత నున్నగా ఉంది. పాప కేక విని నేను వెళ్లేలోపే వ్యాన్ ఆవిడ పరిగెత్తుకొచ్చి, పాపను ఎత్తుకుని, వాళ్ల ట్యాంకు కుళాయి కింద కాలు పెట్టింది. ఇరవై నిమిషాలు అలాగే పట్టుకుంది. చివరికి కుళాయి బుసకొట్టి ఆగిపోయింది. ఆ నీళ్లతో ఇంకా రెండు రోజులు గడపాలని వచ్చినవాళ్లు వాళ్లు. నిన్న చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

గుడారం అక్కడే వదిలేసి సూర్‌లో ఆసుపత్రికి పరిగెత్తాం. వరండాలో కూర్చోగానే మావారు ఫోను తీసి మా అత్తగారితో, "ఎవరో బొగ్గులు పూడ్చిపెట్టారమ్మా. పక్కనే వ్యాన్‌లో ఫారినర్లున్నార్లే, వాళ్ల పనే అయ్యుంటుంది" అన్నారు. నా భుజం మీద ఉన్న పాప తలెత్తి, "అమ్మా, ఆ వ్యాన్ మామ్మ నన్ను కాల్చిందా?" అని అడిగింది.

కట్టు కట్టిన నర్సు భీమవరం వైపు ఆవిడ. ఎలా కాలిందమ్మా అని నన్ను అడిగితే మావారే అందుకున్నారు.

"ఎవరో పూడ్చేసి పోయారు సిస్టర్. జనానికి బుద్ధి లేదు."

"చలికాలం వస్తే మాకిదే డ్యూటీ అండి" అంది ఆవిడ దూది తీస్తూ. "ఎవర్నడిగినా ఎవరో పూడ్చారనే చెప్తారు. ఆ ఎవరో గారు మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ ఇటు రాలేదండి."

"ఇవాళ వచ్చారు సిస్టర్" అన్నాను. "ఈయనే. పక్కన కూర్చుని చూసినదాన్ని నేను."

ఆయన గోడ మీది అరబ్బీ చార్టు చదవడం మొదలుపెట్టారు. ఆయనకు అరబ్బీ రాదు.

గుడారం తీసుకోవడానికి మళ్లీ ఒడ్డుకు వెళ్లేసరికి వ్యాన్ లేదు. గుంట తవ్వి ఉంది. తడి బొగ్గులన్నీ మా బకెట్టులో, మా గుడారం గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి. వాటిని చూసి ఆయన, "చూశావా, వాళ్లే ఎత్తేసి పోయారు. ఇప్పుడు వాళ్లవేనన్నా ఎవరూ కాదనరు" అని నవ్వబోయారు.

నేను నవ్వలేదు. అత్తగారి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆయన చేతికిచ్చాను.

"ఇప్పుడు అమ్మకేం చెప్పమంటావే?"

"ఏది చెప్పినా పాపకు వినబడేలా చెప్పండి."

పాప వెనక సీట్లో కట్టు కాలు చాపుకుని ఆయన వంకే చూస్తోంది. అవతల ఫోను మోగుతోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.