కళ్లం మీద మబ్బు, షెడ్డులో ఉయ్యాలలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో కూలికి కుదిరాను. మా పుట్టిల్లు ఆకివీడు దగ్గర, కొల్లేటి ఒడ్డున. చేపల సంగతి తప్ప వడ్ల సంగతి తెలియనిదాన్ని. మా ఆయన బండి మీంచి పడి, కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కితే ఇంకెవరు తెస్తారు చెప్పండి? చంటిదాన్ని చంకనేసుకుని నేనే బయల్దేరాను.

అది ఉప్పుడు బియ్యం మిల్లు. గణపవరం, అత్తిలి వైపు నుంచి బళ్ల మీద వచ్చిన వడ్లని ఉడకబెట్టి, సిమెంటు కళ్లం మీద ఆరబోసేవారు. మేం ఎండలో కాళ్లతో తిరగేస్తూ ఉండాలి. ఉడికిన వడ్లు మళ్లీ తడిస్తే ముక్కిపోతాయి. అందుకని మబ్బు కనిపిస్తే చాలు, గబగబా గుట్టలు చేసి టార్పాలిన్లు కప్పాలి. మా ఆడవాళ్ల పిల్లలు పక్కనే, ఒకవైపే గోడ ఉన్న రేకుల షెడ్డులో, చీర ఉయ్యాలల్లో నిద్రపోయేవారు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడింది. జల్లు షెడ్డులోకి కొడుతోంది. మేమంతా ముందు ఉయ్యాలల దగ్గరికే పరిగెత్తాం. పిల్లల్ని గోడవారకి చేర్చి తిరిగొచ్చేసరికి వడ్లన్నీ తడిసి ముద్దయ్యాయి.

గుమస్తాగారు గొడుగు కింద నిలబడి చిందులేశారు. "మీకు పని మీద బొత్తిగా శ్రద్ధ లేదు! రేపట్నుంచి పిల్లల్ని తెచ్చినవాళ్లకి పని లేదు."

నాకు ఒళ్లు మండింది. "మా పిల్లలు తడుస్తుంటే వడ్లు చూసుకోమంటారా? మీరైతే చూస్తారాండీ?" అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. మంచం మీదున్న మా ఆయన తప్ప ఇంట్లో చంటిదాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేరు. పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు. నా నోరే నా కొంప ముంచుతుందని మా అమ్మ అననే అనేది.

మిల్లు ఆవరణలోనే యజమాని ఇల్లు. ఈ గొడవకి ఆయన తల్లి అరుగు మీదికి వచ్చారు. ఆవిడంటే మాకు హడలు. మడి మనిషి, మా గాలి సోకితే మళ్లీ నీళ్లు పోసుకునే మనిషి. అంతా విన్నారు.

"పిల్లల్ని తెచ్చుకోనీవయ్యా. షెడ్డులో నేను కూర్చుంటాను," అన్నారు గుమస్తాగారితో.

ఎవరం నమ్మలేదు. మర్నాడు నిజంగానే పీట వేయించుకుని, ఉయ్యాలలకి ఆమడ దూరంలో, పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. "ఈవిడగారు పిల్లల్ని చూస్తారా, పిల్లలే ఈవిణ్ణి చూడాలా!" అని మేం కిసుక్కున నవ్వుకున్నాం.

ఆ వారంలోనే మళ్లీ మబ్బు కమ్మింది. నా కాళ్లు అలవాటుగా షెడ్డు వైపే తిరిగాయి.

"ఇటెందుకే? నేను లేనూ? వడ్లు చూసుకో, పో!" అని అమ్మగారు కేకేశారు.

పోయాను. అందరం పోయాం. ఆఖరి టార్పాలిన్ కప్పేసరికి వాన దంచేస్తోంది.

షెడ్డులోకి వచ్చి చూద్దును కదా, పిల్లలంతా గోడవార పొడిపొడిగా ఉన్నారు. నా చంటిది అమ్మగారి ఒళ్లో ఉంది. ఆవిడ మడి చీర మీద దాని నిర్వాకం ఇంతమేర! నా పైప్రాణాలు పైనే పోయాయి.

"వడ్లు తడిశాయా?" అని అడిగారావిడ.

"లేదండీ అమ్మగారూ. మీ చీరే తడిసింది."

మళ్లీ నా పాడు నోరు! ఆవిడ చీర వంక చూసుకుని పకపకా నవ్వారు. "స్నానం చేస్తే పోతుందిలేవే. దీనికి ఆకలేస్తోంది, ముందు పాలివ్వు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు తలచుకున్నా తిరుగుతాయి. పని చేస్తే కూలి ఎక్కడైనా ఇస్తారు. నా బిడ్డ ఆకలి నాకంటే ముందు కనిపెట్టిన యజమానురాలిని నేను మరెక్కడా చూడలేదు. ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తర్వాత ఒక సెలవు రోజు ఇంట్లో కూర వండుతున్నాను. ఆకివీడు వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. కళ్లం మీద నిన్నటి వడ్లున్నాయి కదా అనిపించింది. పొయ్యి ఆర్పేసి, చంటిదాన్ని చంకనేసుకుని ఒకటే పరుగు. సందు మలుపులో చూస్తే మా వాళ్లందరూ పరుగే, చంకల్లో పిల్లలతో సహా.

గేటు దగ్గర గుమస్తాగారు తెల్లబోయారు. "ఇవాళ సెలవు కదా! మిమ్మల్నెవరు పిలిచారు?"

"ఒకరు పిలవాలాండీ?" అన్నాను.

అమ్మగారు పూజకని అప్పుడే మడి కట్టుకుని అరుగు మీద ఉన్నారు. మమ్మల్ని చూసీ చూడగానే గబగబా మెట్లు దిగి వచ్చి రెండు చేతులూ చాచారు. పిల్లని ఆ చేతుల్లో పెట్టి కళ్లంలోకి పరిగెత్తాను.